తొమ్మిది వందల రూముకు పన్ను: సాగర్‌లో ఒక లాడ్జి కేసు

2025 జూన్‌లో ఒక మధ్యాహ్నం నాగార్జునసాగర్ హిల్ కాలనీ నుంచి ఒక లాడ్జి ఓనరు నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గరున్న మా ట్యాక్స్ ప్రాక్టీసు ఆఫీసుకు వచ్చాడు. చేతిలో రెండు పేజీల ప్రింటు. "మా పిలగాడు మెయిల్లకెళ్లి తీసిండు సార్. పన్నెండు పర్సెంట్ అని, వడ్డీ అని ఉన్నది. సేల్స్‌ట్యాక్స్ ఆఫీసోళ్లు మనల్ని పట్టుకున్నరా ఏంది?" అని అడిగాడు. జీఎస్టీ వచ్చి ఎనిమిదేళ్లవుతున్నా మా దగ్గర ఇంకా సేల్స్‌ట్యాక్స్ ఆఫీసనే అంటారు. ఆ కాగితం ఏఎస్‌ఎంటీ-10. మనం వేసిన రిటర్నులో అనుమానం వచ్చిన చోటు చూపించి, వివరణ ఇవ్వమని అధికారి అడిగే నోటీసు. జవాబుకు 30 రోజుల గడువు.

ఆ నోటీసు సంగతి ఆగస్టుకల్లా తేలింది. సెప్టెంబరులో హోటల్ రూముల మీద పన్ను రేటే మారింది. అక్టోబరులో, పర్యాటక వ్యాపారాల మీద పన్నుల గురించి మీ ఇబ్బందులు, అభిప్రాయాలు చెప్పండని అధికారులు వ్యాపారులను పిలిచారు. ఆ మీటింగుకు నేను ఈ ఒక్క లాడ్జి లెక్కలే పట్టుకెళ్లాను. అందుకే మూడింటినీ కలిపి రాస్తున్నాను. ఓనరు అనుమతి తీసుకున్నాను. అతన్ని ఎవరూ గుర్తుపట్టకుండా రూముల సంఖ్య, మొత్తాలు కొంత మార్చి గుండ్రం చేశాను. లెక్క కట్టిన పద్ధతిలో మాత్రం ఏ మార్పూ లేదు.

లాడ్జి, దాని పన్ను

పదహారు రూములు. పది నాన్ ఏసీ, రోజుకు 900. ఆరు ఏసీ, రోజుకు 1,600. కింద చేపల ఫ్రై, భోజనం దొరికే చిన్న హోటల్. మామూలు రోజుల్లో మూడు నాలుగు రూములు నిండితే గొప్ప. డ్యాం గేట్లు ఎత్తారని టీవీలో చూపించిన రోజు మాత్రం హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరతాయి, రాత్రి పదింటికి కూడా "ఒక్క రూమైనా ఇయ్యన్నా" అని బతిమాలతారు. మాచర్ల, గుంటూరు వైపు నుంచీ వస్తారు. 2022 మేలో బుద్ధవనం (బౌద్ధ థీమ్ పార్కు) తెరిచాక శని, ఆదివారాల గిరాకీ కొంత నిలకడగా ఉంది.

పన్ను చరిత్ర క్లుప్తంగా చెప్తాను. జీఎస్టీకి ముందు భోజనానికి వ్యాట్, బసకు 1987 చట్టం కింద లగ్జరీ ట్యాక్స్ ఉండేవి. దేని లెక్క దానిదే. 2017 జూలై 1న అవన్నీ జీఎస్టీలో కలిశాయి. రోజుకు వెయ్యి లోపు రూముకు అప్పుడు పన్ను లేదు. 2019 అక్టోబరు 1 నుంచి వెయ్యి దాటి 7,500 వరకు ఉన్న రూముకు 12 శాతం అయింది. 2022 జూలై 18న ఆ వెయ్యి లోపు మినహాయింపు తీసేశారు. 900 రూముకు కూడా ఆ రోజు నుంచి 12 శాతమే.

ఈ చివరి మార్పు సాగర్‌లోని ఆ కౌంటర్ దాకా రాలేదు. రిజిస్ట్రేషన్‌లో ఉన్న మెయిల్, ఫోన్ నంబరు అప్పటి అకౌంటెంటువి. ఓనరుకు తెలిసిందల్లా "వెయ్యి లోపైతే ట్యాక్స్ లేదు" అన్న పాత మాటే. గెస్టు అడగడు, కౌంటర్లో పిలగాడు రాయడు. నెలనెలా వేసే జీఎస్టీఆర్-3బీ రిటర్నులో 900 రూముల ఆదాయం "మినహాయింపు ఉన్న సప్లై" గడిలోనే పడుతూ వచ్చింది. 2022 ఆగస్టులో గేట్లు ఎత్తినప్పుడు రూములన్నీ నిండిన రోజుల ఆదాయం కూడా అందులోనే ఉంది.

2022 జూలై 18 నుంచి 2023 మార్చి 31 వరకు అలా పోయిన గది రాత్రులు (ఒక రూము ఒక రాత్రికి ఇస్తే ఒకటి) 1,120. ఒక్కోటి 900 చొప్పున 10,08,000 రూపాయలు. దాని మీద 12 శాతం, అంటే 1,20,960 ఎందుకు కట్టలేదో చెప్పమని నోటీసు.

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. ఈ ఫైలు నా దగ్గరకు వచ్చింది 2023 ఏప్రిల్‌లో. వచ్చిన మొదటి నెలే 900 రూముకు పన్ను వేయించడం మొదలుపెట్టాను. కానీ వెనకటి ఎనిమిదిన్నర నెలల్ని తవ్వలేదు. అడిగితే పాత అకౌంటెంటు "అన్నీ క్లియరే" అన్నాడు, నేనూ ఊరుకున్నాను. ఆ రోజే బిల్లు బుక్కులు ముందేసుకుని కూర్చుంటే వడ్డీ నాలుగో వంతు కూడా అయ్యేది కాదు. ఇంకో నష్టం కూడా తప్పేది. అది కింద చెప్తాను.

108నా, 96.43నా

ఓనరు మొదటి ప్రశ్న న్యాయమైనదే. "గెస్టు దగ్గర నేను తీసుకోలే సార్. తీసుకోని పైసలు నేనెక్కడికెళ్లి కట్టాలె? వాళ్ల అడ్రసులు పట్టుకొని ఇంటింటికి తిరగాల్నా?"

చట్టం ప్రకారం కట్టాల్సింది సప్లై చేసినవాడే. వసూలు చేసుకున్నాడా లేదా అన్నది చట్టానికి పట్టదు. ఆ సంగతి అతనికి మెత్తగా చెప్పాను. కానీ ఎంత మీద కట్టాలి అన్న చోట మనకు మాట్లాడే హక్కుంది. గెస్టు ఇచ్చింది మొత్తం 900. పైన ఒక్క రూపాయి లేదు. జీఎస్టీ రూల్ 35 ఏమంటుందంటే, తీసుకున్న మొత్తంలోనే పన్ను కలిసి ఉంటే ఆ మొత్తాన్ని రేటుతో గుణించి, నూటికి రేటు కలిపిన అంకెతో భాగించాలి. అంటే 900ని 12తో గుణించి 112తో భాగిస్తే 96.43. అసలు అద్దె 803.57. అధికారి లెక్కలో ఒక్కో రూముకు 108, మా లెక్కలో 96.43.

ఒక్క రూముకు పదకొండు రూపాయల చిల్లర తేడా. 1,120 రాత్రులకు 12,960. అధికారి అడిగిన 1,20,960 కాస్తా 1,08,000 అవుతుంది.

ఊరికే రూలు నంబరు రాస్తే సరిపోదు. పన్ను విడిగా తీసుకోలేదని కాగితం మీద కనబడాలి. అందుకు రెండు రోజులు సాగర్‌లోనే కూర్చున్నాను. గెస్టు రిజిస్టర్లు పాత బెడ్‌షీట్ల బీరువాలో దొరికాయి. వరద రోజుల్లో తేమకు పేజీలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. వాటిని ఫ్యాను కింద ఆరబెట్టి, రూము నంబరు, తేదీ, తీసుకున్న మొత్తం ఒక షీటులోకి ఎక్కించాం. ప్రతి వరుసలోనూ 900, లేదంటే బేరం ఆడిన చోట 800, 850. (ఆ తగ్గింపులన్నీ కలిపి చూసే పై మొత్తాన్ని గుండ్రం చేశాను.) అదే తేదీ బిల్లు బుక్కు కార్బన్ కాపీలో పన్ను గడి ఖాళీ. నలభై కాపీలు స్కాన్ చేసి ఏఎస్‌ఎంటీ-11 జవాబుతో జతపరిచాను.

అధికారి రిజిస్టరే తెమ్మన్నారు. తెచ్చి బల్ల మీద పెట్టాం. ఆవిడ ఓపిగ్గా పదిహేను నిమిషాలు పేజీలు తిప్పి, మధ్యలో నుంచి నాలుగు తేదీలు ఎంచుకుని బిల్లులతో సరిచూశారు. 96.43 లెక్కకు ఒప్పుకున్నారు.

నోటీసులో లేని తప్పు

రిజిస్టర్లు ఎక్కిస్తున్నప్పుడే ఇంకొకటి బయటపడింది. ఏసీ రూముల్లో కొన్ని ఆన్‌లైన్ బుకింగ్ ప్లాట్‌ఫాం ద్వారా వస్తాయి. 2022-23లో అలా వచ్చినవి 300 రాత్రులు. ఆ ఒప్పందంలో కమీషన్ 20 శాతం. ఒక్క రాత్రి లెక్క తీసుకుంటే ఇలా ఉంటుంది.

గెస్టు ప్లాట్‌ఫాంకు కట్టింది 1,792. అందులో అద్దె 1,600, పన్ను 192. ప్లాట్‌ఫాం తన కమీషన్ 320, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ 57.60 కోసుకుంది. అప్పట్లో ఒక శాతం ఉన్న టీసీఎస్ (ప్లాట్‌ఫాం ముందే పట్టుకుని మన పేరు మీద ప్రభుత్వానికి కట్టే పన్ను) కింద ఇంకో 16 పట్టుకుంది. లాడ్జి బ్యాంకు ఖాతాలో పడింది 1,398.40. పాత అకౌంటెంటు ఈ 1,398.40నే మొత్తం ఆదాయం అనుకుని, అందులోంచి 12 శాతం వెనక్కి లెక్కగట్టి 149.83 పన్ను చూపించాడు.

తప్పెక్కడుందో చూడండి. అమ్మకం విలువ 1,600. కమీషన్ మన ఖర్చు. దాన్ని అమ్మకంలోంచి తీసేయకూడదు. పన్ను 192 కట్టాలి, కట్టింది 149.83. రాత్రికి 42.17 తక్కువ. మూడు వందల రాత్రులకు 12,651.

మరోవైపు కమీషన్ మీద కట్టిన 57.60 ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మనం కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, రావాలి. ప్లాట్‌ఫాం ఇన్వాయిస్ 2బీలో (మనకు రావాల్సిన క్రెడిట్లను పోర్టల్ చూపించే పట్టికలో) నెలనెలా కనిపిస్తూనే ఉంది, ఎవరూ తీసుకోలేదు. మూడు వందల రాత్రులకు 17,280. అంటే ఈ లాడ్జి ప్రభుత్వానికి 12,651 తక్కువ కట్టింది, తనకు రావాల్సిన 17,280 వదిలేసుకుంది. రెండూ అప్పుడే సరిచేసుకుని ఉంటే లాడ్జికే నాలుగు వేలు మిగిలేవి. కానీ 2022-23 క్రెడిట్ తీసుకోవడానికి ఆఖరు తేదీ 2023 నవంబరు 30. నేను ఏప్రిల్‌లోనే ఈ ఫైలు తెరిచి చూసి ఉంటే ఏడు నెలల సమయం చేతిలో ఉండేది. పైన చెప్పిన నష్టం ఇదే. ఇప్పుడు పన్ను కట్టాలి, క్రెడిట్ రాదు.

టీసీఎస్ 4,800 మాత్రం పోర్టల్లో ఒప్పుకోకుండా అలాగే పడి ఉంది. దాన్ని ఒప్పుకుని క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే పోర్టల్లో మన నగదు ఖాతాలోకి, తెచ్చుకున్నాం.

ఇక్కడ ఓనరు ఆగాడు. "నోటీసుల లేనిది మనమెందుకు చెప్పాలె సార్?"

ప్లాట్‌ఫాం తన రిటర్నులో మన జీఎస్టీ నంబరు మీద 4,80,000 అమ్మకం చూపించే ఉంది, రేపు ఎవరైనా పోల్చి చూస్తే షోకాజ్ నోటీసు వస్తుంది, అప్పుడు పన్ను పన్నెండు వేలైనా పెనాల్టీ పది వేలకు తగ్గదు, ఇప్పుడే మనంతట మనం కడితే అంతదాకా పోకపోవచ్చు అని చెప్పాను. అది లెక్క ప్రకారం జవాబు. నా మనసులో ఉన్నది కూడా చెప్పాను: "900 రూము గెస్టు పన్ను ఇయ్యలేదు, అది వేరే. ఈ గెస్టు మాత్రం 192 ఇచ్చిండు. ప్రభుత్వానికి పోతయని ఇచ్చిండు. అండ్ల 42 మన కాడ ఆగినయ్." అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత "గట్లయితే కట్టుండ్రి" అన్నాడు.

రెండూ కలిపి 1,20,651. నోటీసులో అడిగిన మొత్తానికి దాదాపు అంతే. ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ యాభై ఐదు వేలు దాటింది. జూలైలో డీఆర్‌సీ-03 (మనంతట మనం పన్ను కట్టే ఫారం) ద్వారా కట్టాం. వడ్డీలో 4,800 ఆ టీసీఎస్ డబ్బే. వరద సీజనుకు ముందు రూములకు పెయింటు వేయిద్దామని దాచుకున్న డబ్బు ఇలా పోయింది. జూలై చివర్లో గేట్లు ఎత్తే సమయానికి పాత గోడలతోనే రూములిచ్చాడు. ఆగస్టులో జవాబు అంగీకరించినట్టు ఏఎస్‌ఎంటీ-12 వచ్చింది.

సెప్టెంబరు 22

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశంలో రేట్లు మార్చారు. రోజుకు 7,500 వరకు ఉన్న రూముకు 12 శాతం పోయి 5 శాతం వచ్చింది, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా. అమలు తేదీ సెప్టెంబరు 22. ముందు రోజు ఎంగిలిపూల బతుకమ్మ, పది రోజుల్లో దసరా. సెలవుల కోసం అడ్వాన్సులు అప్పటికే తీసుకుని ఉన్నారు, అన్నీ 12 శాతంతోనే.

ఓనరు ఫోన్ చేసి, "పాత రేటా, కొత్త రేటా" అని టెన్షన్ పడ్డాడు. దీనికి చట్టంలో సెక్షన్ 14 ఉంది. కౌంటర్లో పిలగాడికి నేను చెప్పిన తీరు ఇది: మూడు తేదీలు చూడు. గెస్టు ఉన్న రోజు, బిల్లు రాసిన రోజు, పైసలు వచ్చిన రోజు. మూడింట్ల రెండు ఏ దిక్కు పడితే ఆ రేటు.

పదకొండు బుకింగులు. తొమ్మిదింటికి డబ్బు సెప్టెంబరు మొదట్లోనే వచ్చింది, కానీ రసీదే ఇచ్చారు, బిల్లు రాయలేదు. బస, బిల్లు రెండూ 22 తర్వాతే. కొత్త రేటు, 5 శాతం. 1,792 కట్టినవారికి బిల్లు 1,680 అవుతుంది, రాత్రికి 112 తిరిగివ్వాలి. మిగతా రెండు ఒక కంపెనీ వాళ్లవి. ముందే ఇన్వాయిస్ కావాలని అడిగి తీసుకున్నారు. అక్కడ బిల్లు, డబ్బు రెండూ 22కు ముందే. పాత రేటే. ఇదేం న్యాయమని వాళ్లు కొంత గట్టిగానే అడిగారు. సెక్షన్ ప్రింటు తీసి ఇచ్చాక ఊరుకున్నారు.

అక్టోబరు 2న, దసరా పొద్దున, నేను ఇంటివాళ్లతో సాగర్‌లోనే ఉన్నాను. రూము ఖాళీ చేస్తున్న ఒక కుటుంబానికి పిలగాడు వంద నోటు, పది నోటు, రెండు రూపాయల బిళ్ల లెక్కపెట్టి ఇస్తుంటే ఆ పెద్దాయన "ఎందుకు బాబూ ఇవి?" అని రెండుసార్లు అడిగాడు. "ట్యాక్స్ తగ్గింది అంకుల్, మీ పైసలే" అన్నాడు పిలగాడు. ఈ కేసులో నాకు బాగా తృప్తినిచ్చిన నిమిషం అదే.

గెస్టుకు 112 తగ్గింది, నిజమే. లాడ్జి సంగతి వేరు. ప్లాట్‌ఫాం బుకింగులో అదే 1,600 రూముకు ముందు పన్ను, కమీషన్ అన్నీ పోను లాడ్జికి మిగిలేది 1,280, కమీషన్ మీది 57.60 క్రెడిట్‌గా తిరిగి వచ్చేది కాబట్టి. ఇప్పుడు ఆ క్రెడిట్ లేదు. మిగిలేది 1,222.40. బట్టల ఉతుకు, పరుపులు, ఏసీ రిపేరు మీద కట్టే పన్ను కూడా ఇక ఖర్చులోకే పోతుంది. కౌంటరుకు నేరుగా వచ్చిన గెస్టు విషయంలో ఈ నష్టం చిన్నది, ప్లాట్‌ఫాం గెస్టు విషయంలో పెద్దది. 12 శాతం, క్రెడిట్ పద్ధతిలోనే ఉంటామంటే కుదరదు. ఆ అవకాశం ఇవ్వలేదు.

మీటింగు

అక్టోబరులో నల్లగొండలో జరిగింది. లాడ్జీల వాళ్లు, ఫంక్షన్ హాళ్ల వాళ్లు, ట్రావెల్స్ వాళ్లు, కొందరు ప్రాక్టీషనర్లు, అరవై మంది దాకా ఉంటారు. మొదటి గంట అంతా ఒకటే మాట: పన్ను తీసేయాలి, చిన్నవాళ్లను చంపుతున్నారు. బాధ నిజమే, కానీ రాసుకుంటున్న అధికారి పెన్ను కదల్లేదు. కదలకపోవడానికి కారణం ఉంది. రేటు నిర్ణయించేది జీఎస్టీ కౌన్సిల్. అక్కడ ఓటింగు పెడితే కేంద్రానికి మూడో వంతు బరువు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. నల్లగొండ హాల్లో ఎంత గట్టిగా అరిచినా అది రేటు దాకా పోయే దారి చాలా పొడుగు. అదే వసూలు చేసే పద్ధతి, సమాచారం చేరవేసే పద్ధతి గురించి అడిగితే, రాష్ట్ర శాఖ తన చేతుల మీదుగానే చేయగలిగినవి ఉన్నాయి. మీటింగులకు వెళ్లే తోటి ప్రాక్టీషనర్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే: ముందున్న అధికారి చేతిలో ఏముందో అదే అడగండి, ఒక్క దుకాణం లెక్కతో అడగండి.

నేను మూడు కాగితాలు తీసుకెళ్లాను. మొదటిదాని మీద ఆ 1,600 రూము ఒక్క రాత్రి లెక్క, పాత రేటుకు, కొత్త రేటుకు పక్కపక్కన. రెండోదాని మీద 900 రూము రిజిస్టరు పేజీ జిరాక్స్, జూలై 17, 18, 19 తేదీలవి. మూడు రోజులూ ఒకే చేతిరాత, ఒకే 900. 18న చట్టం మారిన ఆనవాలే లేదు. మూడోదాని మీద మా కోరికలు.

మొదటి కోరిక: మినహాయింపు తీసేసినప్పుడు, రేటు మారినప్పుడు ఓనరు సొంత ఫోనుకు తెలుగులో మెసేజ్ రావాలి. "మీ రూముకు ఫలానా తేదీ నుంచి ఇంత పన్ను" అని రెండు వాక్యాలు చాలు. దానికోసం రిజిస్ట్రేషన్‌లో అకౌంటెంటు నంబరున్న చోట ఓనరు నంబరు మార్పించే పనిని శాఖ తనే ఒక క్యాంపు పెట్టి చేయాలి. రెండోది: బుకింగ్ ప్లాట్‌ఫాంలు నెలకోసారి హోటలుకు ఇచ్చే స్టేట్‌మెంటులో అద్దె, పన్ను, కమీషన్, కమీషన్ మీద పన్ను, టీసీఎస్ విడివిడిగా ఉండాలి. ప్రభుత్వానికి చూపించే అంకే మాకూ చూపించాలి. మూడోది: కమీషన్ మీద కట్టే పన్నుకైనా చిన్న లాడ్జీలకు క్రెడిట్ ఇవ్వాలని రాష్ట్రం తరఫున కౌన్సిల్లో అడగాలి. ఇది దూరపు కోరికేనని నాకు తెలుసు. అయినా అడిగాను, ఎందుకంటే కింది హోటలు అనుభవం ముందుంది. రెస్టారెంట్లకు 2017 నవంబరు 15 నుంచే క్రెడిట్ లేని 5 శాతం. గ్యాస్ స్టవ్, ఫ్రిజ్ కొన్నప్పుడు కట్టిన పన్నును చేపల ఫ్రై ధరలో కలుపుకోక తప్పలేదు.

రెండో కాగితం చూసి అధికారి పెన్ను తీశారు. "ఈ 17, 18, 19 కాపీ నాకివ్వండి" అన్నారు.

తర్వాత ఒకరు పర్యాటక ఫీజు సంగతి ఎత్తారు. సాగర్ లాంటి చోట్ల చెత్త, పార్కింగు, తాగునీరు ఇవన్నీ చూసుకోవడానికి రూముకు రోజుకు ఇంత అని విడిగా వసూలు చేస్తే ఏమంటారని. హాల్లో సగం మంది ఒప్పుకోలేదు. ఇంకొకరు లేచి, భూటాన్‌లో మన ఇండియన్ల దగ్గరే రాత్రికి 1,200 తీసుకుంటారు కదా, మనకేమైందన్నారు.

నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని కాను. శనివారం సాయంత్రం డ్యాం దగ్గర ప్లాస్టిక్ కుప్పలు చూసినవాళ్లెవరైనా డబ్బు కావాలనే అంటారు. కానీ రెండు సంగతులు చెప్పాను. ఒకటి, పాత లగ్జరీ ట్యాక్స్ లాంటిది రాష్ట్రం మళ్లీ వేయడానికి ఇప్పుడు వీల్లేదు. 2016లో 101వ రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు ఆ అధికారం పోయింది. వినోదాల మీద పన్ను మాత్రం పంచాయతీలు, మున్సిపాలిటీల లాంటి స్థానిక సంస్థల కోసం వేసుకోవచ్చు. లాడ్జిలో పడుకోవడం వినోదం కాదు. కాబట్టి రూము మీద వేస్తే కోర్టులో నిలబడడం కష్టం. చేసిన సేవకు ఫీజు, అంటే పార్కింగు లాంటిది, తీసుకోవచ్చు. రెండోది, భూటాన్‌లో ఆ 1,200 పర్మిట్ తీసుకునేటప్పుడే కట్టించుకుంటారు, లాడ్జి కౌంటర్లో కాదు. మా కౌంటర్ దగ్గర ఒక పిలగాడు రాత్రి పదింటికి ఆధార్ కాపీ తీసుకుని, రిజిస్టర్ రాసి, బిల్లు కొట్టి, పన్ను లెక్కగట్టి, ప్లాట్‌ఫాం యాప్‌లో చెక్‌ఇన్ నొక్కుతున్నాడు. ఇంకో వసూలు అతని నెత్తిన పెడితే 2022 జూలై 18 మళ్లీ జరుగుతుంది. ఏ ఫీజు పెట్టినా వాహనం ఆగే చోట క్యూఆర్‌తో తీసుకోండి, ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని అదే చోట బోర్డు పెట్టండి అన్నాను. ఫంక్షన్ హాల్ ఓనరు ఒకాయన "బోర్డు పెడితే మేమూ ఒప్పుకుంటం" అన్నాడు. అప్పటిదాకా వద్దన్నవాళ్లలో ఆయనా ఉన్నాడు.

సరిహద్దు సంగతి కూడా ఒకటి నోట్ చేయించాను. గుంటూరు నుంచి వచ్చే కాంట్రాక్టర్లు ఆంధ్ర జీఎస్టీ నంబరు ఇచ్చి ఐజీఎస్టీ (రెండు రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద వేసే జీఎస్టీ) బిల్లు అడుగుతారు. బసకు, ఆ భవనం ఎక్కడుంటే ఆ రాష్ట్రమే లెక్క. తెలంగాణ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం లోపలి అమ్మకాల మీద కేంద్రం, రాష్ట్రం వాటాలు) వేయాల్సిందే, దాని క్రెడిట్ వాళ్లకు ఆంధ్రలో రాదు. రోజూ కౌంటర్ దగ్గర ఈ గొడవే. దీని మీద తెలుగులో ఒక పేజీ ప్రింటు శాఖ పేరుతో ఇస్తే గోడకు అంటించుకుంటామని అడిగాం.

వినతిపత్రం కాపీ మీద స్టాంపు వేయించుకుని ఫైల్లో పెట్టాను.

నవంబరులో సాగర్ వెళ్తే లాడ్జిలో రెండు మార్పులు కనిపించాయి. ప్లాట్‌ఫాం బుకింగులకు పిలగాడు విడిగా ఒక నోటుబుక్కు పెట్టాడు. అద్దె, పన్ను, కమీషన్, కమీషన్ పన్ను, టీసీఎస్, బ్యాంకులో పడింది, ఆరు గడులు స్కేలుతో గీసి ఉన్నాయి. పోర్టల్లో మెయిల్, ఫోను ఓనరువే ఉన్నాయి. అప్పుడు ఆగిపోయిన పెయింటు పని కూడా మొదలైంది. బయట బోర్డు రాసే మనిషి నిచ్చెన మీదుండి అడిగాడు, 945 అని రాయాల్నా, 900 ప్లస్ ట్యాక్స్ అని రాయాల్నా అని. గెస్టుకు రెండూ కనబడాలని ఓనరు "900, పన్ను 45, మొత్తం 945" అని రాయించాడు. 900 పెయింటుతో, మిగతా రెండు అంకెలు మాత్రం స్టిక్కరుతో.